మూడో అడ్డు వరుస, తొమ్మిదో గుంట

"మీ అక్క చివరగా నీతో ఏం మాట్లాడింది?"

"తిట్టింది మేడం." ప్రయోగశాల బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ చెల్లెలు తల ఎత్తలేదు. "పిపెట్ టిప్పుల డబ్బాలు నింపలేదని. నీకు ఒళ్ళు వంగదే, నీ పెళ్ళయ్యేదాకా ఈ చాకిరీ నాదే కాబోలు అంది. అని, అడవికి బయల్దేరి జీపెక్కింది. సోమవారం పొద్దున్న అయిదూ నలభైకి."

లెక్కలమ్మ చేతి గడియారం చూసుకుంది. గురువారం, పదీ ఇరవై. డెబ్బై ఆరు గంటల నలభై నిమిషాలు.

"నీళ్ళు?"

"రెండు లీటర్ల సీసాలు రెండు."

ఇరవై ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత పదకొండేళ్ళుగా తప్పిపోయిన మనుషుల్ని వెతికే డిటెక్టివుగా బతుకుతున్న ఆమెకు, ఎండాకాలపు మెట్ట అడవిలో నాలుగు లీటర్ల నీళ్ళు ఒక మనిషిని ఎంతసేపు నిలబెడతాయో తెలియడానికి కాగితం అక్కరలేదు. ఆ గడువు నిన్న మధ్యాహ్నమే దాటిపోయింది. ఆ మాట పైకి అంటే ఎదుట ఉన్న పిల్ల కూలిపోతుంది. కూలిపోయిన మనిషి ప్రశ్నలకు జవాబులు చెప్పదు.

"అక్క చేసే పని ఏమిటో నాకు చెప్పు. చిన్న తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పు."

చెల్లెలు చెప్పుకొచ్చింది. నల్లచేవ అనే చెట్టు నీళ్ళు లేని నేలలో తప్ప బతకదు. దాని చేవ కోసం దొంగలు నరకగా నరకగా ఇప్పుడు మిగిలినవి తొంభై అయిదు. వాటిలో ఒకటో నంబరు చెట్టు ఈ పరిశోధన సంస్థ పెరట్లోనే ఉంది, మిగతావన్నీ అడవిలో. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ చెట్టుకు ఏది చుట్టమో తెలియకుండా విత్తనాలు సేకరిస్తే, దగ్గరి చుట్టాల మధ్య పుట్టిన నారు నాలుగేళ్ళలో చచ్చిపోతుంది. అందుకే అక్క ఆరేళ్ళు కూర్చుని, చెట్టు కణాల్లోంచి పన్నెండు జన్యు ఆనవాళ్ళు పట్టుకుంది. ఆకు తునక దొరికితే చాలు, అది ఏ చెట్టుదో చెప్పేయవచ్చు.

"మనుషులకు వేలిముద్రల్లాగా," అంది లెక్కలమ్మ.

"అంతే మేడం. ఆ ఆనవాళ్ళతోనే ఇప్పుడు అక్కను వెతుకుతున్నాం."

ఆ వెతుకులాట ఎలా మొదలైందో లెక్కలమ్మకు తెలుసు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, ఉత్తరపు రహదారి మీద ఒక పెట్రోలు బంకు వెనక, సంస్థ జీపు తాళం వేసి కనిపించింది. వెనక తగిలించిన అదనపు చక్రం సందులో నల్లచేవ రెమ్మ ఒకటి ఇరుక్కుని ఉంది. మూడు ఆకులు, ఇంకా పచ్చగా. ఆ రెమ్మ ఏ చెట్టుదో తేలితే మనిషి ఎక్కడుందో తేలుతుంది. అక్కకు సాయంగా పనిచేసే చెల్లెలు ఆ సాయంత్రమే రెమ్మ పరీక్ష మొదలుపెట్టింది. బుధవారం తెల్లవారేసరికి జవాబు వచ్చింది: అరవై ఏడో నంబరు చెట్టు. అది ఉత్తరం కొండ మీదిదని సంస్థ డైరెక్టరు చెప్పాడు. నిన్న ఎనిమిదింటి నుంచీ పోలీసులు ఆ కొండను జల్లెడ పడుతున్నారు.

జీపును లెక్కలమ్మ స్వయంగా చూసి వచ్చింది. డ్రైవరు సీటు చివరికంటా వెనక్కి జరిపి ఉంది. అక్క అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. వీపు వెనక దిండు లేనిదే బ్రేకు అందదు. ఆ దిండు వెనక సీటు కింద పడి ఉంది. జీపును బంకు దాకా నడిపింది ఎవరో పొడుగు కాళ్ళవాడు. అంటే అక్క దారి తప్పలేదు. ఎవరో తప్పించారు.

"నీ నివేదిక ఇవ్వు."

చెల్లెలు నాలుగు కాగితాలు అందించింది. లెక్కలమ్మ కళ్ళజోడు ముక్కు మీదకు దించి, ప్రతి అంకె కిందా గోరు ఆనించి చదివింది. మూడో పేజీలో గోరు ఆగింది.

"ఇదేమిటమ్మాయ్? ఇరవై ఎనిమిది, ముప్పై ఆరు, నలభై నాలుగు. ఈ మూడు చెట్లకూ పన్నెండు ఆనవాళ్ళూ ఒకటే అని రాశావు."

"ఒక్కోసారి అలా వస్తుంది మేడం. ఒకే వేరు నుంచి పిలకలు లేస్తే మూడు చెట్లూ నిజానికి ఒకటే చెట్టు."

"ఈ మూడూ పక్కపక్కనే ఉన్నాయా?"

చెల్లెలు కళ్ళు మిటకరించింది. "లేవు. ఇరవై ఎనిమిది తూర్పు గట్టున. నలభై నాలుగు పడమటి మైదానంలో. మధ్య పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది."

"పన్నెండు కిలోమీటర్ల వేరు?"

"నేను... అప్పుడు తెల్లారుజామున నాలుగైంది మేడం. అరవై ఏడు ఎక్కడుందా అన్న ధ్యాస తప్ప ఇంకోటి లేదు."

తలుపు ధడాలున తెరుచుకుంది. లోపలికి వచ్చిన మనిషి బూట్ల నిండా ఎర్రదుమ్ము. గాలింపు బాధ్యత మోస్తున్న పోలీసు అధికారి ఆయన. లెక్కలమ్మకు స్వయానా మరిది.

"వదినా! ఇక్కడ కూడా మీరేనా?"

"రండి మరిదిగారూ. ఏమైనా దొరికిందా?"

"ముప్పై ఆరు మంది, రెండు కుక్కలు, ఇరవై ఆరు గంటలు. ఆ అరవై ఏడో చెట్టు చుట్టూ చీమ కాలు కూడా లెక్కపెట్టాం. గుడ్డ పీలిక లేదు. కుక్కలు వాసనే పట్టడం లేదు." ఆయన చెల్లెలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, అవతలి వాలు కూడా గాలించాలంటే పైవాళ్ళకు నీ నివేదిక నకలు కావాలి. త్వరగా."

"కుక్కలు వాసన పట్టలేదంటే ఆ పిల్ల అక్కడ అడుగు పెట్టలేదని అర్థం," అంది లెక్కలమ్మ.

"మూడు రోజుల ఎండ వదినా! వాసన నిలుస్తుందా? యంత్రం చెప్పింది ఉత్తరం కొండ అని. డైరెక్టరు గారు సంతకం పెట్టారు. మీరు కళ్ళజోడు సర్దుకుని కాదంటే నేను ముప్పై ఆరు మందిని వెనక్కి తిప్పాలా? మా అన్నయ్య ఇంట్లో ఎలా వేగుతున్నాడో గానీ..."

"మీ అన్నయ్య కూడా మొదట్లో నా లెక్క తప్పనేవారు. పెళ్ళయిన ఏడాదికి మానుకున్నారు." ఆమె కాగితం మీంచి చూపు తిప్పలేదు. "ఇరవై ఎనిమిదికీ ముప్పై ఆరుకూ తేడా ఎంత?"

"ఇదేమన్నా బడా?"

"ఎంత?"

"ఎనిమిది."

"ముప్పై ఆరుకూ నలభై నాలుగుకూ?"

ఆయన పళ్ళు కొరుక్కుంటూ, "ఎనిమిదే," అన్నాడు.

"అడవిలో చెట్లు ఎనిమిదేసి అంకెల దూరంలో మొలవవు. మనుషులు చేసిన వస్తువుల్లోనే ఇంత పద్ధతిగా తేడాలు వస్తాయి. అమ్మాయ్, ఈ గదిలో ఎనిమిది అనే అంకె దేనికి ఉంది?"

చెల్లెలు అరలోంచి అరచేతి వెడల్పు ప్లాస్టిక్ ప్లేటు తీసి బల్ల మీద పెట్టింది. దాని నిండా శనగగింజ పట్టేంత గుంటలు. నిలువు వరుసకు ఎనిమిది. అడ్డు వరుసకు పన్నెండు. మొత్తం తొంభై ఆరు. దొరికిన రెమ్మతో పోల్చడానికి, తొంభై అయిదు చెట్ల ఆకుల్లోంచి తీసిన ద్రవాలూ ఒక్కో గుంటలో ఒకటి పోసి, చివరి గుంటలో వట్టి నీళ్ళు పోసి యంత్రంలో పెడతారు. మొదటి గుంటలో పెరటి చెట్టు ఆనవాళ్ళు సరిగ్గా వచ్చి, చివరి గుంటలో ఏమీ రాకపోతే, పరీక్ష బాగా జరిగినట్టు.

"రెండూ సరిగ్గానే వచ్చాయి మేడం. నేను రెండుసార్లు చూశాను."

"అది కాదు నా ప్రశ్న. మీ అక్క ద్రవాలు దేనితో పోస్తుంది?"

"ఎనిమిది మొనల పిపెట్‌తో. ఒక్కసారి నొక్కితే నిలువు వరుస మొత్తం నిండుతుంది."

లెక్కలమ్మ లేచి బల్ల పొడవునా నడిచింది. గోడకు నాలుగు కొక్కేలు ఉన్నాయి. మూడింటికి పిపెట్‌లు వేలాడుతున్నాయి. నాలుగో కొక్కేనికి చీటీ మాత్రమే ఉంది: సర్వీసుకు పంపాం. తేదీ పోయిన శుక్రవారం. చీటీ మీద అక్షరాలు అక్కవి. లెక్కలమ్మ వంగి, బల్ల కింద వ్యర్థాల డబ్బా మూత తీసింది. ఒంటి మొన పిపెట్‌కు తగిలించి, వాడి పారేసే పసుపు ప్లాస్టిక్ టిప్పులు కుప్పగా ఉన్నాయి.

"మంగళవారం నువ్వు ఒక్కో చుక్కా విడివిడిగా పోశావు."

"వేరే దారి లేదు మేడం. తొంభై ఆరుసార్లు."

"ఇదిగో ఈ ఖాళీ ప్లేటు. ఇవి నీళ్ళు. ఆ పూట ఎలా పోశావో అలాగే పొయ్యి. ఆలోచించకు. చెయ్యి ఎటు పోతే అటు పోనీ."

"వదినా, అక్కడ ఒక ప్రాణం..."

"ఆ ప్రాణం కోసమే. నోరు మూసుకుని చూడండి."

చెల్లెలు పిపెట్ అందుకుంది. చేతికి అలవాటు తప్పలేదు. మొదటి గుంట. దాని పక్క గుంట. దాని పక్కది. పుస్తకంలో అక్షరాలు రాసినట్టు, ఎడమ నుంచి కుడికి సాగిపోయింది. పన్నెండో గుంట నిండగానే కింది అడ్డు వరుసకు దిగి మళ్ళీ ఎడమ చివర మొదలుపెట్టబోయి, ఠక్కున ఆగిపోయింది.

పిపెట్ బల్ల మీద పెట్టేసింది.

"చెప్పు," అంది లెక్కలమ్మ మెల్లగా.

"కంప్యూటర్లో పట్టిక అక్కది. అది... అది నిలువుగా చదువుతుంది."

"ఏంటి గొడవ?" అన్నాడు మరిది.

"నింపింది అడ్డంగా. చదివింది నిలువుగా. మొదటి గుంటా చివరి గుంటా ఎటు చదివినా ఒకటే కాబట్టి, తనిఖీలో తప్పు పట్టుబడలేదు. మధ్యలో ఉన్నవన్నీ చెట్టు మారిపోయాయి." లెక్కలమ్మ పెన్సిలు తీసుకుంది. "నిలువు లెక్కలో ఇరవై ఎనిమిది, ముప్పై ఆరు, నలభై నాలుగు ఒకే అడ్డు వరుసలో పక్కపక్కన ఉంటాయి. నాలుగో అడ్డు వరుస. నాలుగు, అయిదు, ఆరో గుంటలు. ఇప్పుడు అడ్డంగా లెక్కపెట్టు. పై మూడు వరుసలకూ ముప్పై ఆరు. తర్వాత?"

"నలభై, నలభై ఒకటి, నలభై రెండు," అంది చెల్లెలు. "ఆ మూడూ ఒకే వేరువి మేడం. అక్క తవ్వి చూసింది. నేనే పలుగు పట్టుకున్నాను."

"అయితే రుజువైంది. ఇక ఆ రెమ్మ."

రెమ్మను విడిగా మూడుసార్లు పరీక్షించారు. దాని ఆనవాళ్ళలో పొరపాటు లేదు. అవి కలిసింది నిలువు లెక్కలో అరవై ఏడో గుంటతో. అంటే తొమ్మిదో నిలువు వరుసలో మూడోది. లెక్కలమ్మ పెన్సిలు మొనను మూడో అడ్డు వరుస మీద ఉంచి తొమ్మిదో గుంట దాకా జరిపింది. రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు. ఇరవై నాలుగూ తొమ్మిదీ...

"ముప్పై మూడు."

చెల్లెలు నేల మీద కూర్చుండిపోయింది. "నేనే పంపాను. రెండు రోజులు అందరినీ అటు పంపింది నేనే. అక్క ఇటు గొంతెండి..."

"ఏడుపు తర్వాత. లెక్క ముందు. లే తల్లీ! ముప్పై మూడో చెట్టు ఎక్కడుంది?"

"అక్క వెంట వెళ్ళి చూసినవి తప్ప మిగతావి నాకు తెలియవు మేడం. దొంగల భయంతో చోట్ల జాబితా తాళంలో పెడతారు. అక్క దగ్గరా డైరెక్టరు గారి దగ్గరా తప్ప ఎవరి దగ్గరా ఉండదు."

"ఆయన ఎక్కడ?"

"మాతోనే ఉత్తరం కొండ మీద," అన్నాడు మరిది. ఆయన గొంతులో ఇందాకటి బిరుసు తగ్గింది. "నిన్నటి నుంచీ తిండి కూడా లేదు పాపం."

లెక్కలమ్మ ఫోను అందుకుంది. పదకొండూ అయిదు. ఆమె జీవితంలో ఆలోచించకుండా చేసిన పనులు చాలా తక్కువ. వాటిలో ఇది ఒకటి. డైరెక్టరు రెండో మోతకే ఎత్తాడు.

"సార్, నివేదికలో పొరపాటు జరిగింది. రెమ్మ అరవై ఏడుది కాదు, ముప్పై మూడుది. ఆ చెట్టు ఎక్కడుందో వెంటనే చెప్పండి."

అవతల ఊపిరి వినిపించింది. తర్వాత అలసిపోయిన, మర్యాదైన గొంతు. "ముప్పై మూడా? అది ఎండిపోయి రెండేళ్ళయిందమ్మా. రిజిస్టరులో నేనే రాశాను. ఎండిన చెట్టుకు పచ్చని రెమ్మ ఎక్కడిది? పాపం ఆ పిల్ల కంగారులో మళ్ళీ తప్పు చేసి ఉంటుంది. సమయం వృథా చేయకండి."

ఫోను కట్టయింది. చెల్లెలు అప్పటికే సొరుగులన్నీ లాగేస్తోంది. కాగితపు కవర్ల కట్టలోంచి ఒకటి పైకి లాగింది; ఎండబెట్టిన ఆకులు దాచే కవరు. మీద అక్క చేతిరాత.

"ఎండిపోలేదు మేడం! ఈ ఏడాది కోసిన ఆకులే. తేదీ చూడండి, నెలన్నర కూడా కాలేదు. ముప్పై మూడు. దక్షిణపు లోయ, అడుగున. కింద ఇంకో ముక్క రాసింది. చెట్టు నిండా పూత ఉంది, ఎండిందని ఎవరు రాశారు?"

లెక్కలమ్మ నివేదిక చివరి పేజీ తిప్పింది. ఈ సంస్థలో ఏ ప్లేటునైనా ఇద్దరు చదివి సంతకం చేయాలన్నది నియమం. చెల్లెలి సంతకం పక్కన ఆరూ పది. డైరెక్టరు సంతకం పక్కన ఆరూ పన్నెండు.

తొంభై అయిదు చెట్లు, ఒక్కోదానికి పన్నెండు ఆనవాళ్ళు, రెండు నిమిషాలు. చదవలేదా? లెక్కలు తప్ప ఇంకేమీ తెలియని తన కంటికే పన్నెండు కిలోమీటర్ల వేరు గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు ఈ చెట్లతోనే బతికిన మనిషికి గుచ్చుకోకుండా ఉంటుందా? తప్పు జరిగిందని ఆయనకు చూసిన మరుక్షణమే తెలిసి ఉంటుంది. ఆ తప్పు తనకు అనుకూలంగా ఉంది కాబట్టి సంతకం చేశాడు. పొరపాటు చెల్లెలిది. మౌనం ఆయనది.

"మరిదిగారూ, దక్షిణపు లోయలో ఏముంది?"

మరిది గడియారం చూసుకున్నాడు.

"అడిగేది మిమ్మల్నే."

"రాతి క్వారీ," అన్నాడు ఆయన. "కొత్తది. లోయలో బతికిన నల్లచేవ ఒక్కటీ లేదని డైరెక్టరు గారు రాసిచ్చాకే దానికి అనుమతి వచ్చింది. ఇవాళ మొదటి పేల్చివేత. పన్నెండు గంటలకు." ఆయన నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. "లోయలో మనుషులు లేరని పోలీసు కాగితం కావాలన్నారు. మనుషులంతా ఉత్తరాన ఉన్నారు కదా అని... పొద్దున తొమ్మిదింటికి సంతకం పెట్టాను వదినా. నేనే పెట్టాను."

"ఫోను చేయండి. ఇప్పుడే."

క్వారీ మేస్త్రీ ఎత్తేసరికి పదకొండూ ఇరవై ఒకటి. మరిది స్పీకరు నొక్కాడు. అరవవలసిన మాటలన్నీ అరిచాడు. మేస్త్రీ మంచివాడిలాగే ఉన్నాడు. కంగారుపడ్డాడు, వెంటనే ఒప్పుకున్నాడు. "ఆపేశాం సార్. తీగలు విప్పించేస్తాను. మీరు చెప్పాక ముట్టించం."

చెల్లెలు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. మరిది కుర్చీలో కూలబడ్డాడు.

"నీ మనుషుల్ని లోయలోకి దించు," అన్నాడు. "నీళ్ళు తీసుకెళ్ళండి. ఒక అమ్మాయి అక్కడ ఎక్కడో..."

"మావాళ్ళు దిగరు సార్. గుంటల నిండా మందు దట్టించి ఉంది, అది తీసేదాకా ఒక్కడు కూడా అడుగు పెట్టడు. మీ డైరెక్టరు గారు కాబట్టి ధైర్యంగా దిగారు గానీ."

లెక్కలమ్మ ఫోను మీదకు వంగింది.

"ఎవరు దిగారు?" అంది లెక్కలమ్మ.

"డైరెక్టరు గారమ్మా. పొద్దున్న పదింటి నుంచీ ఇక్కడే ఉన్నారు, పేల్చేది చూస్తానని. ఇందాక ఏదో ఫోనొచ్చింది. ఎండిపోయిన చెట్టుకు నంబరు రేకు ఉండిపోయింది, తెచ్చుకుంటానని ఒక్కరే దిగారు. పావుగంట అయింది. మా గునపం కూడా అడిగి పట్టుకెళ్ళారు."

"గునపం ఎందుకు?" చెల్లెలి గొంతు కీచుమంది. "రేకు చిన్న మేకుకే కదా ఉండేది, చేత్తో లాగితే ఊడొస్తుంది, గునపం ఎందుకు మేడం?"

లెక్కలమ్మకు జవాబు తెలుసు. చచ్చిపోయిన మనిషి దగ్గరికి గునపంతో దిగవలసిన పని ఎవరికీ ఉండదు. డెబ్బై ఏడు గంటల తర్వాత, అక్క బతికే ఉందని చెప్పిన మొదటి సాక్షి ఆ మనిషి. పేలుడు చూసుకుంటుందని నిబ్బరంగా కూర్చున్నవాణ్ణి లేపి లోయలోకి పంపింది మాత్రం తన ఫోనే.

ఇక్కణ్ణుంచి లోయకు నలభై అయిదు కిలోమీటర్లు. ఎంత తోలినా ముప్పావు గంట.

ఆమె మరిది చేతిలోంచి ఫోను లాక్కుంది.

"బాబూ, పేల్చే ముందు సైరను మోగిస్తారు కదా?"

"మూడుసార్లమ్మా. మూడోది అయ్యాక ముట్టిస్తాం."

"ముట్టించవద్దు. సైరను మాత్రం మోగించు. మూడూ వెంటవెంటనే. లోపల ఉన్నవాడు పేలుతుందనుకుని పరుగెత్తుకు రావాలి. ఊఁ, కానీ!"

మేస్త్రీ ఎవరికో కేక వేశాడు. ఫోనులోంచి సైరను లేచింది, గది గోడలు కొట్టుకునేంతగా. ఆగింది. మళ్ళీ లేచింది. చెల్లెలు బల్ల అంచు మీద తల ఆనించి, అక్కా, అక్కా అని గొణుగుతోంది. మరిది అప్పటికే వాకిట్లో జీపు ఇంజను రేపుతున్నాడు. మూడోసారి సైరను మోగి సద్దుమణిగింది.

"ఎవరైనా కనిపిస్తున్నారా?"

"దుమ్ముగా ఉందమ్మా... ఆగండి. ఆఁ, వస్తున్నారు. పడుతూ లేస్తూ వస్తున్నారు. డైరెక్టరు గారే."

"గునపం ఏది?"

మేస్త్రీ గట్టు అంచుకు నడిచి చూస్తున్నట్టు చెప్పుల కింద కంకర నలిగిన చప్పుడు వినిపించింది.

"చేతులు ఖాళీగా ఉన్నాయమ్మా," అన్నాడు. "చొక్కా మీద ఏదో ఎర్రటి తడి మరక ఉంది."